పావుకేజీకి 262 గ్రాములు తూచే కొట్టు

తెనాలిలో కాలవ వంతెన దిగగానే ఎడమచేతి వైపు కనిపించే రెండు షట్టర్ల కిరాణా కొట్టు ఇది. ఐదుకి ఐదు స్టార్లు ఇస్తున్నాను. ఇచ్చేముందు ఒక సంగతి చెప్పాలి. నేను కాటాలు రిపేరు చేసేవాణ్ణి. లైసెన్సు ఉన్న రిపేరర్ని. ఈ కొట్టు కాటా బాగోగులు చూసేది నేనే, ఏడాదికోసారి తూనికలు కొలతల శాఖ వాళ్ల దగ్గర ముద్ర వేయించుకొచ్చేదీ నేనే. ఆ పనికి కొట్టాయన నాకు డబ్బులిస్తాడు. ఈ ముక్క దాచి రివ్యూ రాస్తే చదివేవాళ్లకి అన్యాయం చేసినట్టే.

ముందు సరుకు గురించి. పప్పులు బాగుంటాయి. మా డెల్టాలో వరి కోతకి రెండు మూడు రోజుల ముందు మాగాణిలోనే మినుము చల్లేస్తారు, కోత అయ్యాక ఆ తడితోనే అది పెరుగుతుంది. కొత్త మినుము దిగిన రోజుల్లో ఈ కొట్టులో మినపగుళ్లు కొని రుబ్బి చూడండి, పిండి ఎంత ఒదుగుతుందో మీకే తెలుస్తుంది. చింతపండు పిక్క తీసిందీ ఉంటుంది, తీయందీ ఉంటుంది, రెంటినీ కలిపి అమ్మడు. వానాకాలంలో బెల్లం చెమరుస్తుంది. ఆ మాట ఆయనే చెప్తాడు: "ఇది పానకానికైతే తీసుకోండి, అరిసెలకి వద్దు." వెనక్కి పంపేశాక ఇంకో కొట్టుకి వెళ్తారని తెలిసినా చెప్తాడు.

లోటుపాట్లు లేకపోలేదు. బండి పెట్టుకోవడానికి చోటు లేదు. సాయంత్రం ఆరు నుంచి ఎనిమిది దాకా పనుల నుంచి వచ్చేవాళ్లతో కొట్టు నిండిపోతుంది, అప్పుడు వెళ్తే అరగంట నిలబడాల్సిందే. ఇంటికి తెచ్చి ఇవ్వడం లేదు. నూనె ప్యాకెట్లు ఎమ్మార్పీకే ఇస్తాడు, పెద్ద షాపుల్లో పదో పరకో తగ్గిస్తారు. పప్పుల మీద కేజీకి నాలుగు రూపాయలు ఎక్కువ. ఆ నాలుగు రూపాయల లెక్క కింద చెప్తాను, అది తెలియకుండా ఈ కొట్టు అర్థం కాదు.

ఇక తూకం. నేను రాయాలనుకున్నది దాని గురించే.

మా ఇంట్లో చిన్న టేబుల్ కాటా ఉంది. 1 గ్రాముకి పలుకుతుంది. ఇంటికొచ్చిన ఏ పొట్లమైనా దాని మీద పెట్టకుండా డబ్బాలో పోయను. మా ఆవిడకి ఇది మొదటి నుంచీ నచ్చదు. పుట్టింటివాళ్లు పంపిన జీడిపప్పు కూడా తూచానని ఒకసారి రెండు రోజులు నాతో మాట్లాడలేదు. ఆమె కోపం న్యాయమే. కానీ ముప్పై అయిదేళ్లుగా పొద్దున లేస్తే తూకంలో తప్పు ఎక్కడుందా అని వెతకడమే నా పని. ఒకే పని అన్నేళ్లు చేస్తే అది ముందు చేతిలోకి వస్తుంది, తర్వాత కంట్లోకి, ఆ తర్వాత గుణంలోకి దిగుతుంది. నాలోకి అనుమానం దిగింది. పళ్లు అమ్మే ముసలామె త్రాసు ఎత్తినా నేను చూసేది ఆమె మొహం కాదు, ఆమె చిటికెన వేలు ఎక్కడుందనే.

అలా తూచి నోట్‌బుక్‌లో రాసుకున్న అంకెలివి, కాగితం బరువు తీసేశాక. వేరే చోట్ల పావుకేజీ అని కొన్నవి 246, 248, 250, 247. ఈ కొట్టులో పావుకేజీ కందిపప్పు 262. తర్వాతి వారం 259. ఆ తర్వాత 265, 261, 263. యాభై గ్రాముల ఆవాలు 61. కేజీ మినపగుళ్లు 1,013. నాలుగు నెలలు రాశాను. ఒక్కసారి కూడా తక్కువ రాలేదు.

నాకు వచ్చిన మొదటి ఆలోచన కొట్టాయన మంచివాడని కాదు. కాటా చెడిందనుకున్నాను. చెడితే అది నా పనిలో లోపం. ఆ టెన్షన్‌తో ముద్ర ఉన్న రాళ్లు పెట్టెలో పెట్టుకుని వెళ్లాను. కాటా సమంగా ఉందో లేదో చూపించే నీటి బుడగ నడిమధ్యన ఉంది. పైన ఫ్యాను ఆపించాను, గాలికి కూడా అంకె కదులుతుంది కాబట్టి. సున్నా సున్నాగానే ఉంది. 100 గ్రాముల రాయికి 100, అయిదొందలకి అయిదొందలు, రెండు కేజీలకి రెండు కేజీలు. పళ్లెం నాలుగు మూలలా పెట్టి చూశాను. సీలు తీగ చెక్కుచెదరలేదు. కాటా బంగారంలా ఉంది.

కేజీ అనే మాట ఈ కొట్టుదాకా ఎలా వచ్చిందో మా పనివాళ్లకి తప్ప ఎవరికీ పట్టదు, కాబట్టి ఒక్క నిమిషం. పారిస్ పక్కన సెవ్ర్ అనే ఊళ్లో ప్లాటినం, ఇరిడియం కలిపి పోసిన ముద్ద ఒకటి ఉంది. 2019 మే 20 దాకా ప్రపంచం మొత్తానికి కేజీ అంటే అదే. ఆ రోజు నుంచి ముద్దను పక్కన పెట్టి, ప్లాంక్ స్థిరాంకం అనే ప్రకృతి లెక్క మీద కేజీని నిలబెట్టారు. మన దేశానికి ఇచ్చిన నకలు 57వ నంబరుది, ఢిల్లీలో నేషనల్ ఫిజికల్ లేబరేటరీలో ఉంటుంది. అక్కణ్ణుంచి రాష్ట్రాల ప్రమాణ రాళ్లు, వాటి నుంచి జిల్లాల్లో ఇన్‌స్పెక్టర్ల దగ్గరుండే రాళ్లు, వాటితో సరిచూసి కొట్టు కాటాకి ముద్ర. ఎలక్ట్రానిక్ కాటాకి ఏడాదికోసారి, ఇనప రాళ్లకి రెండేళ్లకోసారి. ఇంత పొడుగు గొలుసు వచ్చి వచ్చి కొట్టాయన చేతి దగ్గర ఆగుతుంది. చేతికి ముద్ర వేసే ఇన్‌స్పెక్టరు లేడు.

ఆ రోజు సాయంత్రం రద్దీలో ఒక పక్కన నిలబడి ఆయన చేతినే చూశాను. కాటాకి 2 గ్రాముల మెట్టు, అంటే అంకె రెండేసి గ్రాములు పెరుగుతుంది. ఒకామె పావుకేజీ పెసరపప్పు అడిగింది. గరిటెతో పోశాడు, 244, 248, 250. అంకె ఆగింది. ఆగగానే ఆయన చూపు తర్వాతి మనిషి వైపు తిరిగింది, "మీకేం కావాలమ్మా?" అన్నాడు. మాట అటు నడుస్తుండగానే కుడిచెయ్యి తనంతట తాను బస్తాలోకి వెళ్లింది. బొటనవేలు, మూడు వేళ్లు కలిపి తీసింది. చిటికెడు కంటే ఎక్కువ, పిడికెడు కంటే తక్కువ. పళ్లెం మీద రాలింది. 262. పొట్లం చుట్టేశాడు, లెక్క 250కే వేశాడు. తర్వాత వచ్చిన కుర్రాడు పది రూపాయల ఎండుమిర్చి అడిగాడు. చెయ్యి మళ్లీ వెనక్కి వెళ్లింది. ఆ తర్వాత ఒక పెద్దాయన రెండు కేజీల కందిపప్పు. చెయ్యి మళ్లీ వెళ్లింది, అంతే తెచ్చింది. పది రూపాయలకీ రెండు కేజీలకీ ఒకటే కొలత.

కొసరు మనకి కొత్తది కాదు. కూరగాయలు కొంటే రెండు రెబ్బల కరివేపాకు పడేసేవాళ్లు. మా నాయనమ్మ సోల, తవ్వ, మానికలతో గింజలు కొలిచేటప్పుడు పైన గోపురంలా నిలబడేదాకా పోసేది. మొదటి మానికని "ఒకటి" అనేది కాదు, "లాభం" అనేది. లాభం, రెండు, మూడు. 1956లో మెట్రిక్ కొలతల చట్టం వచ్చాక కూడా ఆమె చనిపోయేదాకా వీశ అనే మాట వదల్లేదు. కొసరు పోయింది మాత్రం ఎలక్ట్రానిక్ కాటా వచ్చాకే. అంకె ఎర్రగా ఎదురుగా మెరుస్తుంటే ఇచ్చేవాడి చెయ్యి ముడుచుకుంటుంది, పుచ్చుకునేవాడికీ అడగడానికి మొహమాటం. ఆ కాటాలు ఊరూరా అమ్మినవాళ్లలో నేనూ ఒకణ్ణి. అందుకే ఈయన చెయ్యి అంకె దాటి వెళ్తుంటే నాకు ఆశ్చర్యం వేసింది.

మర్నాడు మధ్యాహ్నం రెండింటికి, కొట్టు ఖాళీగా ఉన్నప్పుడు వెళ్లాను.

"తమ్ముడూ, నీ కాటా సరిగ్గానే ఉంది. నీ చెయ్యే ఎక్కువ తూస్తోంది" అన్నాను.

ఆయన అట్టపెట్టెలు విప్పుతున్నాడు. తల ఎత్తకుండా అన్నాడు: "ఆ చెయ్యి అప్పట్నుంచీ అంతే అన్నయ్యా. మీకు గుర్తుండి ఉండదు. ఆ రాత్రి కరెంటు పోతే బ్యాటరీ లైటు పట్టుకున్నది నేనే."

ఏ రాత్రి అని నేను అడగలేదు.

1991. నాకు ఇరవై మూడేళ్లు. మా మేస్త్రి దగ్గర పని నేర్చుకుంటున్నాను. ఇదే జిల్లాలో వేరే ఊళ్లో ఒక షావుకారు, ఇప్పుడు ఆయనా లేడు, ఆ కొట్టూ లేదు. అప్పుడు కొట్ల నిండా వేలాడే త్రాసులే. దండె కొక్కేనికి కట్టి ఉంటుంది, ఇత్తడి పళ్లేలు బల్లకి ఆని ఉంటాయి. సరుకు, రాళ్లు వేశాకే త్రాసు పైకి లేస్తుంది. ఖాళీ త్రాసు లేవడం కొనేవాడు ఎప్పుడూ చూడడు. సరుకు పళ్లెం అడుగున 15 గ్రాముల సీసం అతికించమన్నాడు షావుకారు. ముద్ర పడి నెల కూడా కాలేదు, మళ్లీ ముద్ర గడువు వచ్చేదాకా ఎవరూ అడగరు. మా మేస్త్రికి తెలియకుండా రాత్రి వెళ్లాను. పని మధ్యలో కరెంటు పోయింది. కొట్టులో పనిచేసే కుర్రాణ్ణి లేపి బ్యాటరీ లైటు పట్టించారు. సీసం అతికించి, ఇత్తడి రంగులో కలిసిపోయేలా మసి, చింతపండు రుద్దాను. 150 రూపాయలు ఇచ్చారు. ఆ కుర్రాడి మొహం నాకు గుర్తు లేదు. లైటు వెలుగు వణికిందని మాత్రం గుర్తుంది, "సరిగ్గా పట్టరా" అని కసిరాను.

ఆ 15 గ్రాములు ఏం చేస్తాయో చూడండి. కేజీ కొన్నవాడికి 985 గ్రాములు వస్తుంది. నూటికి ఒకటిన్నర పోయింది, తెలియను కూడా తెలియదు. పావుకేజీ కొన్నామెకి 235, నూటికి ఆరు పోయింది. వంద గ్రాములు కొన్నామెకి 85. నూటికి పదిహేను. వంద గ్రాముల పప్పు ఎవరు కొంటారు? ఆ రోజు కూలి ఆ రోజు చేతికొచ్చేవాళ్లు. దండె రెండు వైపులా పొడుగు సమంగా లేకుండా చేసి మోసం చేస్తే నష్టం అందరికీ ఒకే వంతున పడుతుంది, పళ్లెం కింద సీసం పెడితే ఎవరు తక్కువ కొంటే వాళ్లకి ఎక్కువ పడుతుంది. ఇది నాకు అప్పుడే తెలుసు. మాకు పనిలో మొదట నేర్పేది ఇదే.

ఇప్పుడు ఈయన చెప్పింది. అప్పుడు ఆయనకి పదహారేళ్లు. ఇంట్లో ఆయన జీతంతోనే బియ్యం వచ్చేది. షావుకారుని అడిగే ధైర్యం లేదు, బయట చెప్పే ధైర్యం అంతకన్నా లేదు. పొద్దున్నే ఆ త్రాసుతో తూచాల్సింది ఆయనే. మొదటి వారం వాళ్ల వీధి వాళ్లు వస్తే మాత్రం ముల్లు నిలబడ్డాక ఇంకాస్త వేసేవాడు. ఆ తర్వాత చూడ్డానికి లేనివాళ్లలా ఉంటే వాళ్లకి కూడా వేసేవాడు. కొన్నాళ్లకి అది కూడా మనసుకి పట్టలేదట. "మొహం చూసి వెయ్యడం ఏంటన్నయ్యా, పళ్లెం మొహం చూడట్లేదు కదా. అందరికీ తక్కువ తూస్తోంది. అందుకని అందరికీ వేశాను." ఎంత వెయ్యాలో తెలియక ఒక రాత్రి అదే త్రాసులో ఖాళీ పళ్లేలు ఎత్తి, రాళ్ల వైపు పళ్లెంలో పప్పు కొద్దికొద్దిగా వేస్తూ ముల్లు మధ్యకి వచ్చేదాకా చూశాడట. వచ్చిన పప్పుని బొటనవేలు, మూడు వేళ్లతో ఎత్తి చూసుకున్నాడు. సరిపోయింది. అప్పట్నుంచీ అదే కొలత.

చెప్తూ చెప్తూ ఆయన చెయ్యి ఎత్తి నాకు చూపించాడు, నాలుగు వేళ్లూ దగ్గరికి చేర్చి. ఆ వేళ్ల మధ్య ఖాళీలో నా సీసం ముక్క పడుతుంది.

బస్తాలు అనుకున్న దానికన్నా ముందే అయిపోతున్నాయని షావుకారుకి అనుమానం వచ్చింది. కుర్రాడు ఇంటికి మోస్తున్నాడనుకున్నాడు. రెండు దెబ్బలు వేశాడు, ఆ నెల జీతంలో కోత పెట్టాడు. కుర్రాడు దొంగతనం చెయ్యలేదని చెప్పాడే తప్ప, కొసరు సంగతి చెప్పలేదు. చెప్తే పళ్లెం సంగతి చెప్పాలి. నాలుగేళ్లు అలాగే తూచాడు. తర్వాత మిల్లులో గుమాస్తాగా చేరాడు, 2006లో ఈ కొట్టు పెట్టుకున్నాడు. మొదటి రోజు కొత్త కాటా మీద మొదటి పొట్లం తూస్తుంటే చెయ్యి దానంతట అదే బస్తాలోకి వెళ్లిందట. ఆపుకోవాలని వారం రోజులు చూశాడట. "ఆపితే ఎవరికో బాకీ ఉన్నట్టు ఉండేది" అన్నాడు.

నా సంగతి కూడా చెప్పాలి, లేకపోతే సగమే చెప్పినట్టు. ఆ రాత్రి ఇంటికెళ్లి నిద్రపోలేదు. రెండు నెలల తర్వాత ఇంకో ఆయన అడిగాడు, అదీ చేశాను. ఆ రాత్రి నిద్ర పట్టింది. మొత్తం అయిదు చేశాను. మానేసింది మంచితనంతో కాదు. పక్క మండలంలో ఇన్‌స్పెక్టరు మామూలు కొనేవాడిలా వెళ్లి, సరుకు తూపించుకుని, బయటికొచ్చి తన రాళ్లతో సరిచూసి ఒక కాటా పట్టుకున్నారు. అది నేను చేసింది కాదు, కానీ నాకు చెమటలు పట్టాయి. భయంతో మానేశాను. మా మేస్త్రి ఒక పద్ధతి నేర్పాడు: రిపేరయిన కాటా ఏదైనా సరే, యజమాని చేతికిచ్చే ముందు ఖాళీగా ఎత్తి ముల్లు చూపించాలి, తర్వాత రాళ్లని ఈ పళ్లెంలోంచి ఆ పళ్లెంలోకి, సరుకుని ఆ పళ్లెంలోంచి ఈ పళ్లెంలోకి మార్చి మళ్లీ చూపించాలి. భయం కొద్దీ దాన్ని ఒక్కసారి కూడా తప్పకుండా చేశాను. పదేళ్లకి భయం పోయింది, పద్ధతి మిగిలింది. ఇప్పుడు ఎవరైనా సెట్ చేసిపెట్టమని అడిగితే నాకు కోపం వస్తుంది, ఆ కోపం నిజమైనదే. కానీ అది ఎక్కడ మొదలైందో నాకు తెలుసు.

అదే రాత్రి, అదే పళ్లెం, అదే లైటు. నాకు 150 రూపాయలు వచ్చాయి. ఆయనకి 15 గ్రాముల బాకీ వచ్చింది, ఆయన చెయ్యని బాకీ.

"నా మీద కోపం రాలేదా?" అని అడిగాను.

"వచ్చింది. ఈ ఊళ్లో మిమ్మల్ని మొదటిసారి చూసినప్పుడే గుర్తుపట్టాను. అందుకే మొదట్లో వేరే ఆయనతో చేయించుకున్నాను. తర్వాత పక్క కొట్టులో మీరు పని చేస్తుంటే చూశాను. ఖాళీ కాటా చూపించాక గానీ డబ్బులు తీసుకోలేదు. అప్పుడు పిలిచాను."

పంతొమ్మిదేళ్ల కొట్టులో పద్నాలుగేళ్లుగా కాటా నా చేతిలో పెడుతున్నాడు. ఒక్కసారి కూడా ఈ మాట ఎత్తలేదు. నేను క్షమించమని అడిగాను. "మీరు నాకేం చేశారన్నయ్యా, పప్పు కొన్నవాళ్లకి కదా" అన్నాడు. కటువుగా అనలేదు, కానీ వదిలెయ్యనూ లేదు. ఆ కొనుక్కున్నవాళ్లు ఎవరో, ఎక్కడున్నారో నాకు తెలియదు.

ఇప్పుడు నాలుగు రూపాయల లెక్క. అదీ అడిగేశాను, కొసరు ధరలో కలిపావా అని. దాచలేదు: "కలపకపోతే ఎలా? కొసరు ఆకాశంలోంచి రాదు కదా." కందిపప్పు కేజీ 140 అనుకుందాం, ఈయన 144 వేస్తాడు. యాభై కేజీల బస్తా అంతా పావుకేజీ పొట్లాలుగా వెళ్తే కొసరుకి రెండు కేజీల మూడొందలు పోతుంది, బయటి 140 ధరకి చూస్తే సుమారు 320 రూపాయలు. నాలుగేసి రూపాయలు ఎక్కువ వేసినందుకు వెనక్కి వచ్చేది 190. మిగతా 130 ఆయన లాభంలోంచే. నాలాంటి కేజీ గిరాకీకి 144కి 1,012 గ్రాములు వస్తుంది, బయటికన్నా రెండు రూపాయల పైచిలుకు నష్టం. పావుకేజీ ఆమెకి అర్ధ రూపాయి పైన లాభం. వంద గ్రాముల ఆమె 14 రూపాయల 40 పైసలకి 112 గ్రాములు తీసుకెళ్తుంది, రూపాయికి పైగా లాభం. నేను సీసంతో చేసిన లెక్క ఇక్కడ పూర్తిగా తిరగబడింది. తక్కువ కొనేవాళ్లకే ఎక్కువ అందుతోంది. ఆయన ఇదంతా కాగితం మీద వేసుకోలేదు. వేళ్లు ఒకటే కొలత తెస్తాయి కాబట్టి అలా అయింది. నేనే ఇంటికొచ్చి లెక్క వేసుకుని చాలాసేపు ఆ కాగితం చూస్తూ కూర్చున్నాను. ఈ రెండు రూపాయలు ఇవ్వడం ఇష్టం లేనివాళ్లు పెద్ద షాపులోనే కొనుక్కోవచ్చు, వాళ్లని నేను తప్పుపట్టను.

సాయంత్రాలు ఒక అమ్మాయి సాయంగా ఉంటుంది, డిగ్రీ చదువుతోంది. మొదటి నెల ఆమెని కాటా ముట్టుకోనివ్వలేదు, పొట్లాలే కట్టించాడు. మొన్న ఆయన లేనప్పుడు వెళ్లాను. ఒక పిల్లాడు నువ్వులు వంద గ్రాములన్నాడు. ఆ అమ్మాయి తూచింది, అంకె 100 దగ్గర ఆగింది, పిల్లాడి చేతిలో డబ్బులు తీసుకుంటూనే చెయ్యి డబ్బాలోకి పోనిచ్చింది. ఆమె వేళ్లు సన్నం, 108 వచ్చింది. ఎందుకమ్మా అలా వేస్తున్నావు అన్నాను. "ఇక్కడ ఇలాగే వేస్తారండి" అంది. ఎందుకో ఆమెకి ఎవరూ చెప్పలేదు. నేనూ చెప్పలేదు.

ఈ కొట్టుకి వెళ్లినా, ఇంకెక్కడికి వెళ్లినా కొన్ని చూసుకోండి, ఇది పనివాడిగా చెప్తున్న మాట. సరుకు పెట్టకముందు అంకె సున్నా ఉందో లేదో చూడండి. కాటా అంకె మీ వైపు కూడా కనపడాలి. ముద్ర వేసిన సర్టిఫికెట్ కొట్టులో కనపడేలా పెట్టాలి, లేకపోతే అడగండి, అడగడం మీ హక్కు. మిఠాయి కొంటే అట్టపెట్టెతో కలిపి తూచనివ్వకండి, బరువంటే లోపలి సరుకు బరువే. చేత్తో ఎత్తే త్రాసు ఎక్కడైనా కనపడితే ఖాళీగా ఎత్తి చూపించమనండి. నిజాయితీగా తూచేవాడు దానికి నొచ్చుకోడు.

ఇక ఈ కొట్టు వేళలు. పొద్దున ఏడు నుంచి ఒంటిగంట దాకా, మళ్లీ రెండు నుంచి రాత్రి తొమ్మిది దాకా. ఆదివారం మధ్యాహ్నం మూసేస్తారు. సంచి మీరే తెచ్చుకోండి. వచ్చే సోమవారం కాటా ముద్రకి తీసుకెళ్తున్నాను, పదకొండు దాకా కొట్టులో తూకం ఉండదు. పదకొండు దాటాక వెళ్లండి.